అందరూ 'డిస్కస్ అబౌట్' అంటుంటే అది తప్పెలా అవుతుంది?

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక కంపెనీ కస్టమర్ సపోర్ట్ టీంలో పనిచేస్తున్నాను. నా మెయిల్స్‌లో 'డిస్కస్ అబౌట్', 'రిక్వెస్ట్ ఫర్', 'సిన్స్ టూ డేస్' లాంటివి కనబడగానే మా మేనేజర్ ఎర్ర గీత పెట్టి వెనక్కి పంపిస్తారు. అదేమంటే 'ఇంగ్లిష్ వాళ్ళెవరూ అలా అనరు' అంటారు. మా ఆఫీసులో మాత్రం అందరూ అలాగే అంటారు. అటు మా అమెరికా టీంలో ఒకతను 'డిఫరెంట్ దాన్' అంటాడు, 'ఆన్ యాక్సిడెంట్' అని కూడా రాస్తాడు. అతన్ని దిద్దేవాళ్ళు లేరు. అమీర్‌పేటలో బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్న మా తమ్ముడేమో ఇవన్నీ తప్పులేనని కొట్టిపారేస్తున్నాడు. ఇంతమంది వాడుతున్నది తప్పెలా అవుతుంది? ఇంకో సంగతి, వాక్యం చివర 'టు', 'ఫ్రమ్' లాంటి ప్రిపోజిషన్ రాకూడదంటారు, నిజమేనా?
- కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ మేనేజర్ దిద్దడం సబబే. చెప్పిన కారణమే సబబుగా లేదు. 'ఇంగ్లిష్ వాళ్ళు' అని ఒక్క జట్టు ఎక్కడా లేదు. లండన్‌లో సాఫీగా సాగిపోయే ప్రిపోజిషన్ న్యూయార్క్‌లో చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది, న్యూయార్క్‌ది లండన్‌లోనూ అంతే. అలాగని 'చాలామంది అంటున్నారు కాబట్టి ఒప్పే' అనడానికీ లేదు. ఎంతమంది నోట వినబడుతోందన్నది ఒక లెక్క. పత్రికకో పుస్తకానికో వెళ్ళేముందు దిద్దేవాళ్ళ బల్ల మీదకి చేరి, అక్కడ కూడా కొట్టివేతకి గురికాకుండా అచ్చవుతోందా అన్నది ఇంకో లెక్క. ఏదో ఒక దేశంలో ఈ రెండో లెక్క కుదిరితే ఆ దేశం వరకు అది ప్రామాణికమే. మొదటిది మాత్రమే కుదిరితే అది వాడుక. వాడుక కావడం నేరమేమీ కాదు, కానీ క్లయింట్‌కి వెళ్ళే మెయిల్‌లో దానికి చోటు లేదు.

మీ అమెరికా సహోద్యోగి రాసే 'డిఫరెంట్ దాన్' ఈ లెక్కన ఒప్పే. 'డిఫరెంట్ ఫ్రమ్' ప్రపంచమంతా చెల్లుతుంది, 'డిఫరెంట్ టు' బ్రిటన్‌లో మామూలు, 'డిఫరెంట్ దాన్' అమెరికాలో మామూలు. ముఖ్యంగా తర్వాత పూర్తి వాక్యం వచ్చేటప్పుడు అమెరికన్లకి 'దాన్' చేతికి తేలిగ్గా వస్తుంది. 'డిఫరెంట్ దాన్ ఐ ఎక్స్‌పెక్టెడ్' అని వాళ్ళు తేల్చేస్తే, 'ఫ్రమ్' వాడేవాళ్ళు 'డిఫరెంట్ ఫ్రమ్ వాట్ ఐ ఎక్స్‌పెక్టెడ్' అని మధ్యలో ఒక 'వాట్' దూర్చాలి. 'ఫ్రమ్ తప్ప ఇంకేదీ రాకూడదు' అనే పట్టుదలని ఇంగ్లండ్‌లో ఇంగ్లిష్ వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే మూఢనమ్మకం అని కొట్టిపారేశాడు. ఆయనేమీ ఉదారవాది కాదు, ఇతరుల ఇంగ్లిష్‌ని నిర్దాక్షిణ్యంగా దిద్దిన మనిషి.

ఇలాంటివి ఇంకా బోలెడు. వారాంతానికి బ్రిటిష్ వాళ్ళు 'ఎట్ ది వీకెండ్' అంటే అమెరికన్లు 'ఆన్ ది వీకెండ్' అంటారు. జట్టులో ఉండటం బ్రిటన్‌లో 'ఇన్ ది టీం', అమెరికాలో 'ఆన్ ది టీం'. ఫారం నింపడం ఒకరికి 'ఫిల్ ఇన్', మరొకరికి 'ఫిల్ అవుట్'. తీర్పు మీద అప్పీలుకి వెళ్తే బ్రిటన్‌లో 'అపీల్ అగైన్‌స్ట్' కావాలి, అమెరికాలో 'అగైన్‌స్ట్' అక్కర్లేదు. ధర ఒప్పుకోవడం దగ్గర ఇది తిరగబడుతుంది. అమెరికన్లు 'అగ్రీ ఆన్ ఎ ప్రైస్' అంటే బ్రిటిష్ వాళ్ళు 'ఆన్' తీసేసి 'అగ్రీ ఎ ప్రైస్' అని రాసేస్తారు. అంటే క్రియ పక్కన ప్రిపోజిషన్ ఉండాలా వద్దా అన్నది తర్కంతో తేలదు. అలవాటు స్థిరపడిన చోట స్థిరపడింది, అంతే. ఈ అలవాట్లన్నీ రెండు దేశాల్లోనూ దిద్దేవాళ్ళ బల్ల దాటాయి.

మన మాటలు దాటలేదా అంటే, కొన్ని దాటాయి. 'ప్రీపోన్' చూడండి. పరీక్ష తేదీ ముందుకు జరిగితే మన ఇంగ్లిష్ పత్రికలు నిక్షేపంగా వేస్తాయి, ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కూడా 'భారతీయ ఇంగ్లిష్' అని గుర్తు పెట్టి చేర్చుకుంది. 'డిస్కస్ అబౌట్' ఇంకా ఆ గడప దాటలేదు. హైదరాబాద్‌లో అచ్చయ్యే ఇంగ్లిష్ దినపత్రిక తీసి చూడండి. 'డిస్కస్డ్ ది బడ్జెట్' అని ఉంటుంది. 'అబౌట్' ఎప్పుడైనా కనబడినా అది డెస్క్ కన్నుగప్పి జారినదే. అమెరికా వాళ్ళు ఒప్పుకోలేదన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. మన ఊరి సబ్ ఎడిటర్లే ఇంకా ఒప్పుకోలేదు.

ఈ తేడా తెలుగులో మీకు రోజూ కనబడేదే. నిజామాబాద్ మనిషి 'ఊరికెల్లి వచ్చిన' అంటే ఊరి నుంచి వచ్చానని. రాజమండ్రి నుంచి కొత్తగా దిగినవాళ్ళకి అది 'ఊరికి వెళ్ళి వచ్చాను' అని వినబడుతుంది. 'కెల్లి' తప్పు తెలుగని ఎవరైనా అంటే తెలంగాణలో ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా. కథల్లో, పాటల్లో, వార్తల హెడ్డింగుల్లో కూడా ఆ భాష ఇప్పుడు దర్జాగా అచ్చవుతోంది. అయినా రాజమండ్రి వాళ్ళకి ప్రయాణ వివరాలు రాసేటప్పుడు, అర్థం తారుమారవుతుందని తెలిసి 'నుంచి' అని రాస్తాం. ఎవరికి రాస్తున్నామో చూసుకోవడం వేరు, మన మాటని తక్కువ చేసుకోవడం వేరు.

ఇక అసలు విషయానికొద్దాం. ఈ 'అబౌట్' ఎక్కడినుంచి వచ్చిపడింది? 'గురించి చర్చించాం' అనే తెలుగు అలవాటు ఒక కారణం, కానీ సగమే. తెలుగు రానివాళ్ళు, భారతదేశం మొహం చూడనివాళ్ళు కూడా ఇదే అంటారు. మిగతా సగం కారణం ఇంగ్లిష్‌లోనే ఉంది. ఆ భాషలో ఒకే మాటకి క్రియ రూపం, నామవాచక రూపం పక్కపక్కనే తిరుగుతుంటాయి. అలాంటి చాలా జంటల్లో నామవాచకానికి ప్రిపోజిషన్ కావాలి, క్రియకి అక్కర్లేదు. 'డిస్కషన్ అబౌట్ ది ఇష్యూ' నూటికి నూరుపాళ్ళు ఒప్పు. 'డిస్కస్ ది ఇష్యూ' అన్నప్పుడు మాత్రం 'అబౌట్' రాదు. మనం నామవాచకం దగ్గర నేర్చుకున్నది క్రియకి కూడా తగిలించేస్తాం. పైగా 'టాక్ అబౌట్', 'స్పీక్ అబౌట్', 'థింక్ అబౌట్' అన్నీ చుట్టూ ఉండగా 'డిస్కస్' ఒక్కటీ ఒంటరిగా నిలబడాలంటే కష్టమే.

ఈ ఒక్క కిటుకు పట్టుకుంటే మీకు ఎర్ర గీతలు సగానికి పైగా తగ్గుతాయి. 'రిక్వెస్ట్ ఫర్ లీవ్' నామవాచకమైతే ఒప్పు ('మై రిక్వెస్ట్ ఫర్ లీవ్'), క్రియైతే 'ఫర్' పోవాలి ('ఐ రిక్వెస్ట్ లీవ్'). 'ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ' ఒప్పు, 'ఎంఫసైజ్ ఆన్ క్వాలిటీ' కాదు. 'స్ట్రెస్ ఆన్' అన్నా ఇదే కథ. 'డిమాండ్ ఫర్ రీఫండ్' అనేది ఆ కస్టమర్ పెట్టిన డిమాండ్. అతను డిమాండ్ చేశాడని చెప్పాలంటే 'హి డిమాండెడ్ ఎ రీఫండ్', మధ్యలో ఏమీ లేదు. 'ఎంట్రీ ఇంటు', కానీ 'ఎంటర్ ది రూమ్'. 'యాన్సర్ టు ది క్వశ్చన్', కానీ 'యాన్సర్ ది క్వశ్చన్'. 'రిజెంబ్లెన్స్ టు', కానీ 'రిజెంబుల్' అన్నాక నేరుగా మనిషి. బిర్యానీ దగ్గర ఇది సరదాగా తేలుతుంది. 'ఐ ఆర్డర్డ్ ఫర్ బిర్యానీ' అంటే ఇంగ్లిష్ వ్యాకరణం ప్రకారం బిర్యానీ కోసం ఇంకేదో తెప్పించారని. మిర్చీ కా సాలన్ అయ్యుండాలి. 'ఆర్డర్డ్ బిర్యానీ' అంటే చాలు. 'ఫర్' రావాలంటే ఎవరి కోసమో చెప్పండి, లేదా 'ప్లేస్డ్ యాన్ ఆర్డర్ ఫర్' అని నామవాచకం చేయండి.

'మెన్షన్', 'డిస్క్రైబ్', 'రీచ్', 'కాంటాక్ట్', 'అవెయిట్' కూడా ఒంటరి క్రియలే. 'వెయిట్ ఫర్' ఉంది కాబట్టి 'అవెయిట్ ఫర్' కూడా ఉంటుందనుకుంటాం, ఉండదు. 'కోప్ అప్ విత్' మాత్రం రెండింటి అతుకు. 'కోప్ విత్' ఒకటి, 'కీప్ అప్ విత్' ఇంకొకటి, కలిపి కుట్టేశారు. 'కంప్రైజ్' అన్నాక 'ఆఫ్' వద్దు, 'కన్సిస్ట్' అన్నాక 'ఆఫ్' తప్పనిసరి. మధ్యలో ఉన్న 'ఈజ్ కంప్రైజ్డ్ ఆఫ్' మీద ఇంగ్లిష్ వాళ్ళలో వాళ్ళకే పడదు. ఆ గొడవ మనకెందుకు, 'కన్సిస్ట్స్ ఆఫ్' రాసేసి పక్కకి తప్పుకోండి.

ఒక జాగ్రత్త. ఎర్ర గీతలకి భయపడి ఉన్న ప్రిపోజిషన్లన్నీ పీకేసేవాళ్ళు ఉంటారు. అది మొదటి జబ్బు కంటే మొండిది. 'ఎక్స్‌ప్లెయిన్ మి', 'లిజన్ మి', 'వెయిట్ మి' అన్నీ అలా పుట్టినవే. 'ఎక్స్‌ప్లెయిన్'కి, 'లిజన్'కి 'టు' కావాలి, 'వెయిట్'కి 'ఫర్' కావాలి. ఇంకొన్ని క్రియలకి ప్రిపోజిషన్ ఉన్నా ఒప్పే, లేకున్నా ఒప్పే, అర్థం మాత్రం మారిపోతుంది. 'అటెండ్ ది మీటింగ్' అంటే హాజరవడం, 'అటెండ్ టు ది కంప్లైంట్' అంటే దాని సంగతి చూడటం. 'అప్రూవ్ ది ప్లాన్' అంటే సంతకం పెట్టడం, 'అప్రూవ్ ఆఫ్ ది ప్లాన్' అంటే మెచ్చుకోవడం, సంతకం పెట్టారో లేదో తెలియదు. 'సెర్చ్ హిమ్' అంటే జేబులు తడిమి సోదా చేయడం, 'సెర్చ్ ఫర్ హిమ్' అంటే వెతకడం. మీ పనికి బాగా పనికొచ్చేది ఇంకొకటి చెప్తాను. ఫిర్యాదు టికెట్‌లో 'కస్టమర్ ఆస్క్‌డ్ ది మేనేజర్' అని రాస్తే కస్టమర్ మేనేజర్ని ఏదో అడిగాడు. 'కస్టమర్ ఆస్క్‌డ్ ఫర్ ది మేనేజర్' అని రాస్తే మేనేజర్ని పిలవమన్నాడు. ఆ రెండో కస్టమర్ ఇంకా లైన్‌లో ఉన్నాడేమో చూసుకోవాలి.

మీ మూడో మాట, 'సిన్స్ టూ డేస్', వేరే రకం. 'డిస్కస్ అబౌట్' అన్నా ఎదుటివాళ్ళకి అర్థం పోదు, చెవికి కాస్త గరగరలాడుతుంది. కాలం చెప్పే ప్రిపోజిషన్లలో తేడా వస్తే మాత్రం పని చెడుతుంది. ఇక్కడ మీ మేనేజర్ పెట్టే గీత ఇంకాస్త లావుగా ఉన్నా తప్పులేదు.

తెలుగు 'నుంచి' రెండు పనులూ చేస్తుంది. సోమవారం నుంచి, రెండు రోజుల నుంచి. తెలంగాణ 'సంది' కూడా అంతే, పొద్దున సంది, రెండు రోజుల సంది. ఇంగ్లిష్ ఈ రెండింటినీ విడదీసింది. మొదలైన క్షణం చెప్తే 'సిన్స్ మండే', గడిచిన కాలం కొలత చెప్తే 'ఫర్ టూ డేస్'. క్రియ కూడా దానికి తగ్గట్టు మారాలి. 'ది టికెట్ ఈజ్ పెండింగ్ సిన్స్ టూ డేస్' కాదు, 'హాజ్ బీన్ పెండింగ్ ఫర్ టూ డేస్'. ఇంతవరకు విషయం మర్యాదకి సంబంధించిందే. 'సిన్స్' బదులు 'ఫ్రమ్' పెట్టినప్పుడు ప్రమాదం మొదలవుతుంది. 'ది సర్వర్ ఈజ్ డౌన్ ఫ్రమ్ మండే' అని మీరు బుధవారం రాస్తే, మూడు రోజులుగా మొరాయిస్తోందని మీ ఉద్దేశం. చదివే అమెరికన్ దాన్ని వచ్చే సోమవారం నుంచి ఆపేస్తారట, మెయింటెనెన్స్ కాబోలు అనుకునే వీలుంది. అతను తాపీగా కాఫీకి వెళ్తాడు.

దీనికంటే ముదురు 'టిల్'. 'శుక్రవారం వరకు పంపిస్తాను' అని తెలుగులోనూ కొందరు 'లోపు' అనే అర్థంలో అంటుంటారు. అది ఇంగ్లిష్‌లోకి 'ఐ విల్ సెండ్ ది రిపోర్ట్ టిల్ ఫ్రైడే' అని దిగుతుంది. దానర్థం శుక్రవారం దాకా రోజూ పంపుతూనే ఉంటానని, ఆ తర్వాత మానేస్తానని. మీరు అనదలచుకున్నది 'బై ఫ్రైడే'. 'వరకు' అని ఆగకుండా సాగే పనికి 'టిల్' లేదా 'అంటిల్', 'లోపు' అని ఒక్కసారి ముగిసే పనికి 'బై'. 'బై ఫ్రైడే'లో శుక్రవారం కలుస్తుంది, 'బిఫోర్ ఫ్రైడే'లో కలవదు. ఎవరి శుక్రవారం అన్నది ఇంకో చిక్కు. మన గడియారం న్యూయార్క్ కంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. అందుకని 'బై ఫ్రైడే, 6 పీఎం ఐఎస్‌టీ' అని గంటతో సహా రాయండి.

రీఫండ్ మెయిల్స్‌లో 'ఇన్ ఫైవ్ డేస్', 'వితిన్ ఫైవ్ డేస్', 'ఆఫ్టర్ ఫైవ్ డేస్' మూడూ ఒకటే అన్నట్టు వాడేస్తుంటారు. 'వితిన్' అంటే ఐదు రోజులు దాటకుండా ఎప్పుడైనా. 'ఆఫ్టర్' అంటే ఐదు దాటాకే, ఎంత దాటాకో చెప్పలేదు. 'ఇన్' రెంటికీ మధ్య, వినేవాళ్ళు సాధారణంగా ఐదు రోజులు గడిచేసరికి అనుకుంటారు. మాట ఇచ్చేటప్పుడు 'వితిన్' వాడండి, ఇంకా మంచిది తేదీ వేసి 'బై' వాడండి.

అంకెల దగ్గర 'బై', 'టు' తారుమారైతే రిపోర్టే తలకిందులవుతుంది. పోయిన నెల 100 ఫిర్యాదులు, ఈ నెల 120 అనుకుందాం. 'ఇంక్రీజ్డ్ బై 20' అంటే ఒప్పు, 'ఇంక్రీజ్డ్ టు 120' అన్నా ఒప్పు. 'ఇంక్రీజ్డ్ టు 20' అని జారితే 20కి చేరాయని, అంటే వంద ఉన్నవి పడిపోయాయని. తెలుగులో '20 పెరిగాయి', '120కి పెరిగాయి' అని మనం ఎప్పుడూ తడబడం. ఆ 'కి' ఉన్నచోట 'టు', లేనిచోట 'బై' అని పెట్టుకుంటే సరిపోతుంది. శాతాల్లో మరీ జాగ్రత్త. 10 శాతం నుంచి 12 శాతానికి పెరిగితే అది రెండు పర్సంటేజ్ పాయింట్ల పెరుగుదల, 'బై 2 పర్సెంట్' కాదు.

మిగతావాటిని త్వరగా చూసేద్దాం. 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్‌ఫీరియర్', 'ప్రిఫర్'ల తర్వాత 'దాన్' రాదు, 'టు' వస్తుంది. 'నాకంటే సీనియర్' అనే తెలుగు మనసులో ఉండటం వల్ల 'దాన్' నోటికొస్తుంది. 'నా మీద కోపం' నుంచి 'యాంగ్రీ ఆన్ మి' వస్తుంది, కావలసింది 'విత్' లేదా 'ఎట్'. 'ఆమెతో పెళ్ళి' నుంచి 'మ్యారీడ్ విత్' వస్తుంది, కావలసింది 'టు'. 'లెక్కల్లో దిట్ట' నుంచి 'గుడ్ ఇన్ మ్యాథ్స్' వస్తుంది, దిద్దేవాళ్ళు 'గుడ్ ఎట్' చేస్తారు. ఈ చివరిదాని మీద మరీ రాద్ధాంతం అనవసరం. 'పాస్డ్ అవుట్ ఆఫ్ కాలేజ్' మాత్రం అమెరికా వాళ్ళకి రాసే బయోడేటాలో వద్దు, స్పృహ తప్పి పడిపోవడానికి వాళ్ళు వాడే మాట అది. 'గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్' అని రాయండి.

మీ సహోద్యోగి రాసే 'ఆన్ యాక్సిడెంట్' సంగతి మిగిలింది. 'ఆన్ పర్పస్'కి జతగా పుట్టిన మాట అది, అమెరికాలో కుర్రకారు నోట బాగా వినబడుతుంది. దిద్దేవాళ్ళ బల్ల దగ్గర మాత్రం ఇంకా 'బై యాక్సిడెంట్'గా మారుతూనే ఉంది. మన 'డిస్కస్ అబౌట్' ఏ మెట్టు మీద ఉందో ఇది కూడా ఆ మెట్టు మీదే ఉంది. అతన్ని ఎవరూ దిద్దకపోవడానికి కారణం వ్యాకరణం కాదు. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాళ్ళ జారుడుని 'స్టైల్' అంటారు, మనది 'మిస్టేక్' అవుతుంది. మీకు కలిగిన అసంతృప్తి న్యాయమైనదే. దానికి విరుగుడుగా మెయిల్‌లో 'అబౌట్' ఉంచితే మాత్రం నష్టపోయేది మీరే.

మీ తమ్ముడికి ఇంకో రకం లెక్క చెప్పాలి. ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంకు పరీక్షల్లో తప్పు పట్టుకోమనే ప్రశ్న వస్తే, అక్కడ ఉన్నది వాడుక చర్చ కాదు, ఆన్సర్ కీ. కీ తయారుచేసేవాళ్ళు పాత బ్రిటిష్ పుస్తకాల పద్ధతినే పట్టుకుని ఉంటారు. 'డిఫరెంట్' పక్కన 'ఫ్రమ్', 'డిస్కస్' పక్కన ఖాళీ, 'ప్రిఫర్' పక్కన 'టు'. అమెరికాలో 'దాన్' చెల్లుతుందని అక్కడ వాదించి మార్కు తెచ్చుకోలేం. కోచింగ్‌లో చెప్పే సూత్రాలు ఆ గది వరకు పక్కాగా పనిచేస్తాయి. ఆ గది దాటాక అవే సూత్రాలతో ఇతరుల మాటల్ని కొట్టిపారేయకపోతే చాలు. విదేశీ చదువులకి, వలసకి అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాయబోయేవాళ్ళకి ఇంకోలా ఉంటుంది. రైటింగ్‌లో నాలుగు కొలమానాలు, నాలుగింటికీ సమాన బరువు. వ్యాకరణం వాటిలో ఒకటి. బ్రిటిష్ పద్ధతైనా అమెరికన్ పద్ధతైనా ఫరవాలేదు, ఒక్కటి పట్టుకుని నడవాలి. బ్యాండ్ 7 రావాలంటే తప్పుల్లేని వాక్యాలు తరచుగా ఉండాలి. చిన్న 'అబౌట్' ఒక్కటీ ఒక మంచి వాక్యాన్ని ఆ లెక్కలోంచి తప్పించేస్తుంది, అదీ పదేపదే వస్తే మరీను.

ఏ మాటకైనా మీరే తేల్చుకోవడానికి దారి ఇదీ. నేర్చుకునేవాళ్ళ కోసం తయారైన డిక్షనరీ తెరవండి, ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ గానీ లాంగ్‌మన్ గానీ కేంబ్రిడ్జ్ గానీ. మూడూ నెట్‌లో ఉచితం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఎడిషన్ కూడా ప్రిపోజిషన్లకి చక్కగా పనికొస్తుంది. అర్థం చదివి మూసేయకండి, దాని కింద ఉన్న వాడుక నమూనా చూడండి. 'డిస్కస్ సంథింగ్ విత్ సంబడీ' అని ఉంటుంది, 'అబౌట్' ఉండదు. పక్కన 'ట్రాన్సిటివ్' అన్న గుర్తుంటే నేరుగా కర్మ వస్తుందని. తర్వాత అదే మాట నామవాచక రూపం కూడా తీయండి. అక్కడ ప్రిపోజిషన్ కనబడితే మీ పొరపాటు ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది.

ఇంకాస్త లోతుకి వెళ్ళాలనుంటే కార్పస్‌లు ఉన్నాయి, అంటే జనం నిజంగా రాసిన వాక్యాలు పోగుచేసి వెతకడానికి వీలుగా పెట్టిన నిల్వలు. 20 దేశాల వెబ్ పేజీల నుంచి సుమారు 190 కోట్ల పదాలు పోగుచేసిన 'గ్లోబ్' (GloWbE) అనే కార్పస్‌లో భారత్‌కి విడిగా ఒక కాలమ్ ఉంది. పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా వెతకొచ్చు. 'డిస్కస్ అబౌట్' కొడితే మనతోపాటు ఆసియా, ఆఫ్రికా దేశాల వైపు దట్టంగా, బ్రిటన్ అమెరికాల వైపు పల్చగా కనబడుతుంది. అంకె చూసి ఆగిపోకండి, ఓ ఇరవై వాక్యాలు తెరిచి చదవండి. 'డిస్కస్ అబౌట్ హాఫ్ ది లిస్ట్' లాంటివి మధ్యలో దొర్లుతాయి. అక్కడ 'అబౌట్' అంటే 'సుమారు' అని, అది మన లెక్కలోకి రాదు. గూగుల్‌లో వచ్చే 'ఇన్ని లక్షల ఫలితాలు' అనే అంకె ఉజ్జాయింపు, దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు. దానికి బదులు మాటని కొటేషన్లలో పెట్టి, ఒక ఇంగ్లిష్ పత్రిక సైటుకే పరిమితం చేసి వెతకండి. వచ్చినవాటిలో విలేఖరి రాసిన వాక్యాలెన్ని, ఎవరో మాట్లాడినదాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చినవెన్ని అని విడదీస్తే ఆ పత్రిక డెస్క్ మనసులో మాట తెలుస్తుంది.

వర్డ్‌లో రాసే అలవాటుంటే భాష సెట్టింగ్ ఒకసారి చూసుకోండి. 'ఇంగ్లిష్, ఇండియా' అని ఒకటి, 'యునైటెడ్ స్టేట్స్' అని ఇంకొకటి ఉంటాయి. చదివేవాళ్ళు అమెరికా వాళ్ళయితే రెండోది పెట్టుకోవడం మేలు. అది స్పెల్లింగుల్ని బాగానే పట్టుకుంటుంది, ప్రిపోజిషన్లని అన్నిసార్లూ పట్టుకోదు. 'టిల్ ఫ్రైడే' వ్యాకరణపరంగా తప్పు కాదు కాబట్టి దాని కింద గీత రాకపోవచ్చు.

మీ మేనేజర్‌తో వాదన పెట్టుకోకుండా ఒక చిన్న పని చేయొచ్చు. గత నెల వెనక్కి వచ్చిన మెయిల్స్ అన్నీ తీసి, ఎర్ర గీతల్ని రెండు పక్కలుగా రాయండి. ఒకపక్క అర్థం మారేవి (టిల్, ఫ్రమ్, బై, టు, వితిన్), ఇంకోపక్క అర్థం మారకుండా అలవాటుకే సంబంధించినవి (డిస్కస్ అబౌట్, రిక్వెస్ట్ ఫర్, ఎంఫసైజ్ ఆన్). మొదటి పక్కవి వెంటనే మానుకోండి, ఆఫీసు చాట్‌లో కూడా. రెండో పక్కవి బయటికెళ్ళే మెయిల్‌లో మానుకుంటే చాలు. క్యాంటీన్‌లో మీరు ఏం డిస్కస్ అబౌట్ చేసుకున్నా ఎవరికీ నష్టం లేదు.

ఇక వాక్యం చివర ప్రిపోజిషన్. అది నియమం కాదు, ఎన్నడూ కాలేదు. 1672లో డ్రైడన్ అనే ఇంగ్లిష్ కవి, తనకు ముందుతరం వాడైన బెన్ జాన్సన్ వాక్యం ఒకటి పట్టుకుని చివర ప్రిపోజిషన్ పెట్టాడని తప్పుబట్టాడు. తర్వాత తన పాత వ్యాసంలో చివరకొచ్చిన ప్రిపోజిషన్లని కూడా వెతికి ముందుకు జరిపాడు. 1762లో వ్యాకరణం రాసిన లౌత్ దాన్ని నిషేధించలేదు. మాటల్లో, మామూలు రాతలో అది సహజమేనని, గంభీరమైన రచనలో ముందు పెడితే హుందాగా ఉంటుందని మాత్రమే అన్నాడు. తర్వాతి బడి పంతుళ్ళు ఆ సలహాని శాసనం చేసేశారు. మీ మెయిల్‌లో 'ది ఇష్యూ యు ఆర్ రెఫరింగ్ టు' అని ఉంటే అలాగే వదిలేయండి. దాన్ని 'ది ఇష్యూ టు విచ్ యు ఆర్ రెఫరింగ్' అని తిప్పితే కస్టమర్‌కి లాయర్ నోటీసు వచ్చినట్టుంటుంది. తీసేయాల్సింది అక్కర్లేని 'టు' ఒక్కటే, 'వేర్ ఆర్ యు గోయింగ్ టు' లాంటి చోట. 'వేర్' ఉన్నప్పుడు 'గోయింగ్' దగ్గర ఆపేసినా అర్థం పూర్తవుతుంది. 'వేర్ ఆర్ యు ఫ్రమ్'లో 'ఫ్రమ్' తీసేస్తే ప్రశ్నే మారిపోతుంది, అది ఉండాల్సిందే.